రెండో పుస్తకం

మేం పనిచేసే ఐసీయూలో మంచానికి రెండు పుస్తకాలుంటాయి. మొదటిది చార్టు. బీపీ, గుండె వేగం, ఆక్సిజన్, లోపలికెళ్లిన సెలైన్, బయటికొచ్చిన మూత్రం, పెంచిన మందు, తగ్గించిన మందు, అన్నీ గంటగంటకీ అందులోకి ఎక్కాలి. ఒకప్పుడు మంచం కాళ్ల వైపు బల్లంత కాగితం పరిచి ఉండేది, ఇప్పుడు కంప్యూటరొచ్చింది. రెండోది మామూలు నోట్‌బుక్కు. “ఇవాళ మంగళవారం. బయట మంచు కురుస్తోంది. మీ చెల్లెలొచ్చి మీ పాదాలకి క్రీము రాసింది. మధ్యాహ్నం మిమ్మల్ని మంచం అంచున కూర్చోబెట్టాం. తల నిలబెట్టడానికి చాలా కష్టపడ్డారు, నేను వెనకనుంచి పట్టుకున్నాను.” కింద తేదీ, రాసినవాళ్ల పేరు. ఎవరికోసం రాస్తున్నామో ఆ మనిషి చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉంటాడు. గొంతులో గొట్టం, నరంలో మత్తుమందు. బతికి బయటపడి, వార్డుకో ఇంటికో చేరాక గాని దాన్ని చదవలేడు. అసలు చదువుతాడో లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

నేను గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో నర్సింగ్ నేర్చుకున్నాను. ఇంగ్లండు వచ్చి ఉత్తరాన ఒక ఊళ్లో స్థిరపడ్డాను. మా నాన్న రేపల్లె దగ్గరి పల్లెలో లూథరన్ సంఘానికి ఉపదేశి. ఆ పెంపకం వల్ల కాబోలు, ఈ రెండు పుస్తకాల్ని చూసినప్పుడల్లా నాకు ప్రకటన గ్రంథం గుర్తొస్తుంది. తీర్పు రోజున మనుషుల క్రియలు రాసిన గ్రంథాలు విప్పుతారనీ, వాటితోపాటు జీవగ్రంథమని ఇంకొకటి కూడా విప్పుతారనీ అందులో ఉంది. ఈ రెండోదాని అవసరమేమిటో చిన్నప్పుడు నాకు బోధపడేది కాదు. మనిషి చేసిందంతా రాసిపెట్టుకున్నాక మళ్లీ ఇంకో పుస్తకమెందుకు? మా ఎదురింటి వాళ్ల చిత్రగుప్తుడికి ఒక్క చిట్టాతో పని జరిగిపోతోంది గదా అని నాన్నని అడిగాను కూడా. “అందులో పనులుండవమ్మా, పేర్లే ఉంటాయి” అన్నాడు. అంతకంటే వివరించలేదు. పొలానికి పోయే వేళయింది.

ఐసీయూలో మత్తులో ఉన్న మనిషి ఏ పనీ చేయడు. పాపం లేదు, పుణ్యం లేదు, ప్రార్థన లేదు, అబద్ధం లేదు. ఊపిరి సైతం మెషిను తీసిపెడుతుంది. కొందరు వారాల తరబడి అలాగే ఉంటారు. తర్వాత లేచినవాళ్లలో చాలామందికి ఆ రోజుల్లో జరిగిందేదీ సరిగా గుర్తుండదు. చిత్రగుప్తుడు ఆ రోజుల కింద రాసుకోవడానికి ఏమీ లేదు. రోగి తనంతట తాను చెప్పుకోవడానికీ ఏమీ లేదు. మరి ఆ రోజులు ఎవరివి? అక్కడ పడుకున్నది శరీరమేనా, మనిషా? నైట్ డ్యూటీలో, రెండో రౌండు మందులిచ్చి, పక్క మీద అటునుంచి ఇటు తిప్పి, నోరు తుడిచి, ఆ నోట్‌బుక్కు తెరిచినప్పుడు నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న పాతకాలం వైద్యానికి తెలియదు. ఐసీయూ పుట్టిందే డెన్మార్కులో. 1952లో కోపెన్‌హేగన్‌ను పోలియో ముంచేసినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, ఊపిరాడని పిల్లల గొంతుకి రంధ్రం పెట్టి, గొట్టం దించి, రబ్బరు సంచితో చేత్తోనే గాలి కొట్టవచ్చని చూపించాడు. గాలి కొట్టడానికి సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చున్నారు. మంచానికో మనిషి, రాత్రీ పగలూ. తర్వాత ఆ చేతుల స్థానంలో వెంటిలేటర్లొచ్చాయి. వాటిని ఓర్చుకోవడానికి గట్టి మత్తుమందులొచ్చాయి. బతికేవాళ్లు పెరిగారు, గుర్తులేని రోజులూ పెరిగాయి. 1980ల నుంచి డెన్మార్కు, నార్వే, స్వీడన్ ఐసీయూల్లో నర్సులు రోగుల పేరిట డైరీలు రాయడం మొదలుపెట్టారు. పైనుంచి ఉత్తర్వు వచ్చి పుట్టిన పని కాదిది. లేచి కూర్చున్నవాళ్లు “నాకేమైంది?” అని అడుగుతుంటే, మంచం పక్కన ఉన్నవాళ్లకి తోచిన జవాబు. అక్కణ్నుంచి ఇంగ్లండుకీ మిగతా యూరప్‌కీ పాకింది.

గుర్తులేకపోవడం ఒక్కటే అయితే ఇంత అవసరం ఉండేది కాదేమో. ఆ రోజుల చోటు ఖాళీగా ఉండదు, వేరేవి వచ్చి చేరతాయి. మా ఊళ్లో జ్వరం తలకెక్కి మాట్లాడితే సంధి పుట్టిందనేవాళ్లు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి అలాంటి సంధే పుడుతుంది, డెలీరియం అంటాం. ఒకాయన ఓడ అడుగున బంధించారనుకున్నాడు. పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు అరలు ఒకటి విడిచి ఒకటి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి, ఓడ ఊగినట్టు తోచింది ఆయనకి. ఇంకొకామెకి పైకప్పు పలకల్లోని చుక్కలన్నీ చీమలు. కఫం లాగేటప్పుడు ప్రాణం లాగేస్తున్నారనుకున్నవాళ్లున్నారు. స్కానింగ్ మెషిన్లోకి తోసినప్పుడు తనని దహనం చేస్తున్నారని నమ్మిన ముసలాయన, ఇంటికెళ్లాక కూడా నెలల తరబడి దీపం ఆర్పి పడుకోలేకపోయాడు. జరిగినవి గుర్తుండవు, జరగనివి మాత్రం చెరగవు. పైగా కల లాగా కరిగిపోవు, నిన్న చూసినంత స్పష్టంగా ఉంటాయి. ఆ ముసలాయనకి డైరీలో దొరికింది రెండు వాక్యాలు: “ఈ ఉదయం మిమ్మల్ని కింది అంతస్తుకి స్కానింగుకి తీసుకెళ్లాం. దారి పొడుగునా మీ చేయి వదల్లేదు.” తారీఖు వేసి, కింద మా జమైకా సిస్టరు సంతకం. ఆయన ఆ పేజీని చాలాసేపు చూసి, “అయితే చేయి పట్టుకుంది నిజమేనన్నమాట” అన్నాడు. ఆయనకి చేయి కూడా గుర్తుంది. అది కాటికాపరి చేయి అనుకున్నాడు.

ఎమ్మెస్సీ చేసేటప్పుడు నీతిశాస్త్రం క్లాసులో జాన్ లాక్ చెప్పిన సంగతి విన్నాను. 1694లో తన పుస్తకం రెండో ముద్రణకి ఆయన ఒక అధ్యాయం కలిపాడు. మనిషి నిన్నటి మనిషే అని దేన్నిబట్టి అంటాం అన్నది అందులో ప్రశ్న. శరీరాన్నిబట్టి కాదు, ఆత్మ పదార్థాన్నిబట్టీ కాదు, నిన్నటి పనిని ‘నేను చేశాను’ అని తన ఎరుకలోకి తెచ్చుకోగలగడాన్నిబట్టి అన్నాడు. మేలుకున్న సోక్రటీసుకీ నిద్రపోయిన సోక్రటీసుకీ ఎరుక ఒకటి కాకపోతే వాళ్లిద్దరూ ఒకే వ్యక్తి కాదనేదాకా వెళ్లాడు. క్లాసులో అందరూ తలూపారు. నేను నా పేషెంట్ల గురించి ఆలోచించాను. లాక్ లెక్క ప్రకారం వెంటిలేటర్ మీద ఉన్న మూడు వారాలూ ఆ మంచం మీద ఎవరూ లేనట్టే. తర్వాత చదివితే తెలిసింది, లాక్‌కి కూడా కావలసింది తీర్పేనని. వ్యక్తి అనే మాటని ఆయన న్యాయస్థానం మాటగా తీసుకున్నాడు. ఏ పనికి ఎవరు జవాబుదారీ, చివరి రోజున ఎవరికి శిక్ష, ఎవరికి బహుమతి అన్నది తేల్చడానికి. మొదటి పుస్తకం రాసేవాడికి ఆ నిర్వచనం సరిపోతుంది. ఏ పనీ చేయని మనిషిని పెట్టుకోవడానికి అందులో చోటు లేదు.

నా వరకు నాకు జవాబు మా ఊళ్లో దొరికింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచిన రాత్రి, కృష్ణకి ఇవతల మా వైపు కూడా పెనుగాలి. నాకప్పటికి రెండు నెలలు కూడా లేవు. ఊళ్లో రాతిగోడల కట్టడం చర్చి ఒక్కటే. పల్లె మొత్తం అందులోకి చేరింది. నన్ను దుప్పట్లో చుట్టి ప్రభువు బల్ల కింద పడుకోబెట్టానని అమ్మ చెబుతుంది. కాదు, హార్మోనియం పెట్టెలో పడుకోబెట్టింది నేను అని మేనత్త వాదిస్తుంది. తెల్లారేదాకా నేను ఏడవలేదని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఇందులో ఒక్క క్షణం కూడా నాకు గుర్తు లేదు. అయినా ఆ రాత్రి ఎవరిదో అని నాకెప్పుడూ అనిపించలేదు. గాలివాన పేరెత్తితే నేనూ అక్కడున్నానంటాను. పుట్టిన తేదీ, కన్నతల్లి ఎవరన్న సంగతి, బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు పేరు, నేను ఫలానా అని చెప్పుకోవడానికి మొదట వచ్చేవన్నీ ఇంకొకరి నోటినుంచి విన్నవే. అగస్టీను తన ‘ఒప్పుకోలు’లో ఈ మాటే వేరే సందర్భంలో చెప్పాడు. తన శైశవం తనకు గుర్తులేదు, పెద్దవాళ్లు చెబితే నమ్మాడు. ఫలానావాళ్లు తన తల్లిదండ్రులన్నదీ విని నమ్మిందేగాని తాను కనిపెట్టింది కాదన్నాడు. ఇతరుల మాట మీద నమ్మకం లేకపోతే ఈ లోకంలో ఏ పనీ సాగదని ఆయన అక్కడికి వచ్చాడు.

జ్ఞాపకం సొంత సరుకనీ, విన్నది అరువు సరుకనీ మనం అనుకుంటాం. మంచం దగ్గర పనిచేస్తుంటే అది తలకిందులైంది నాకు. దహనం జరిగిందన్నది ఆ ముసలాయన సొంత జ్ఞాపకం, అది అబద్ధం. చేయి వదల్లేదన్నది పరాయి మనిషి రాత, అది నిజం. బతుకు మొదట్లో కొన్నేళ్లు, చివర్లో కొన్నాళ్లు, మధ్యలో జబ్బు పడిన రోజులు, వీటిలో మనల్ని మోసేది మన జ్ఞాపకం కాదు, చుట్టూ ఉన్నవాళ్లు చూసి దాచిపెట్టినదే.

దీనికి ఎదురుమాట ఉంది. ఒక పేషెంటు భార్య నన్ను నిలదీసింది. “దేవుడు ఆయన్ని మరిచిపోనిచ్చాడు. మీరెందుకు గుర్తు చేస్తారు?” ఆమె మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మరుపు కూడా కృపే. యిర్మీయా గ్రంథంలో దేవుడు తన ప్రజల పాపాల్ని ఇక జ్ఞాపకం చేసుకోనని మాటిస్తాడు. సర్వజ్ఞుడు మరిచిపోతానని మాటివ్వడం కన్నా గొప్ప క్షమాపణ ఏముంటుంది? అందుకే డైరీని ఎవరి మీదా రుద్దం. కొందరు అట్ట చూసి వెనక్కి ఇచ్చేస్తారు. కొందరు తీసుకెళ్లి బీరువాలో పెట్టి ఎప్పటికీ తెరవరు. ఫొటోలు తీసినా, వాళ్లు సరేనన్నాకే చేతికిస్తాం. గొట్టాల మధ్య ఉబ్బిన తన మొహాన్ని చూడాలో వద్దో తేల్చుకోవలసింది వాళ్లే. కాని ఆమెకి నేనొక సంగతి చెప్పాల్సి వచ్చింది. మీ ఆయన మరిచిపోలేదు, వేరేది గుర్తుపెట్టుకున్నాడు. మా నర్సుల్లో ఒకామె తన కిడ్నీ అమ్మేసిందని రోజూ చొక్కా ఎత్తి కుట్టు కోసం వెతుక్కుంటున్నాడు. మరుపు ఉన్నచోట మేం వేలు పెట్టం. అబద్ధం వచ్చి కూర్చున్నచోట నిజాన్ని అందుబాటులో ఉంచుతాం.

నిజం అంటే ఎంత నిజం? ఇది రాసేవాళ్ల పరీక్ష. గొట్టం పీకేసుకోబోతే చేతులకి తొడుగులు వేస్తాం. తిడతారు, కొడతారు, పక్క తడుపుతారు. చార్టులో ఇదంతా ఒక్క ముక్కలో ఉంటుంది. డైరీలో నేను ఇలా రాస్తాను: “రాత్రి మీరు చాలా భయపడ్డారు. గొంతులో గొట్టం ఎందుకుందో అర్థంకాక లాగబోయారు. మీ వేళ్లు దానికి చిక్కకుండా మెత్తటి తొడుగులు వేశాం. పొద్దున్నే తీసేశాం.” తొడుగుల సంగతి దాచను, ఎందుకంటే మణికట్టుకి అది గుర్తుండొచ్చు. తిట్లు రాయను, ఎందుకంటే అవి ఆయన మాటలు కావు, మందువీ జ్వరానివీ. ఇంట్లోవాళ్లు కూడా ఈ పుస్తకం చదువుతారు గనక వాళ్లకి తెలియని జబ్బు సంగతులు రాయం. త్వరలో కోలుకుంటారని అసలు రాయం. అది మా చేతిలో లేదు. వైద్యం భాష వాడం. రేడియోలో ఏ పాట వచ్చింది, మనవడు గీసిన బొమ్మ గోడకి ఎక్కడ అంటించాం, గడ్డం ఎవరు గీశారు, గొట్టం తీశాక మొదటి మాట ఏమన్నారు, ఇవి రాస్తాం. కోవిడ్ వచ్చిన 2020లో ఇంట్లోవాళ్లని లోపలికి రానివ్వలేదు. మొహాలన్నీ ముసుగుల్లో ఉండి, పేర్లు ఏప్రన్ల మీద మార్కర్‌తో రాసుకున్నాం. ఆ రోజుల్లో ఆ పేషెంట్లని చూసినవాళ్లం మేమే, ఇంకెవరూ లేరు. మేం రాయకపోతే ఆ రోజులకి సాక్షి లేడు.

డైరీ పనిచేస్తుందా అని డాక్టర్లు అడుగుతారు. అడగడం న్యాయమే. 2010లో క్రిస్టీనా జోన్స్ బృందం ఆరు యూరప్ దేశాల్లో 12 ఆస్పత్రుల్లో 352 మంది మీద చేసిన పరీక్షలో, డైరీ నెలకి అందినవాళ్లలో కొత్తగా పీటీఎస్‌డీ, అంటే గడిచిన భయం వదలని మనోవ్యాధి, వచ్చింది 5 శాతానికి, అప్పటికింకా అందనివాళ్లలో 13 శాతానికి. మేమంతా సంబరపడ్డాం. 2019లో ఫ్రాన్సులో 35 ఐసీయూల్లో 657 మంది మీద ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. డైరీ ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతానికి ఆ లక్షణాలు కనిపించాయి, లేనివాళ్లలో 34 శాతానికి. ఆ తేడా కాకతాళీయం కావచ్చని తేల్చారు. ఆ వార్త వచ్చిన వారం మా యూనిట్లో ఒక డాక్టరు, “అయితే ఇక మానేస్తారా?” అని నన్ను అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. రోగికి దుప్పటి కప్పితే బతికే శాతం పెరుగుతుందా అని ఎవరూ పరీక్ష పెట్టలేదు, అయినా కప్పుతున్నాం గదా అన్నాను. డైరీని మందు కింద కడితే అది మందుగా ఓడిపోవచ్చు. నేను దాన్ని బాకీ కింద కడతాను. ఒక మనిషి జీవితంలో కొన్ని రోజులు అతనికి తెలియకుండా నా కళ్లముందు జరిగాయి. అవి అతనివి. నా దగ్గర పెట్టుకునే హక్కు నాకు లేదు.

అసలు పరీక్ష చనిపోయేవాళ్ల దగ్గర వస్తుంది. ఎవరు లేస్తారో ఎవరు లేవరో మొదటి పేజీ రాసే రోజున తెలియదు. లేవనివాళ్ల పుస్తకాలు ఇంట్లోవాళ్లకిస్తాం. చదవాల్సినవాడు ఎప్పటికీ చదవని ఆ పేజీలు వృథాయేనా? ఇక్కడే నాన్న చెప్పిన మాట నాకు ఇన్నేళ్లకి అందింది. లూథరన్లం కదా, క్రియల వల్ల కాదు, కృప వల్ల అని ఆదివారం ఆదివారం విన్నాం. ఆ మాట అర్థం కావాలంటే, ఏ క్రియా చేయలేని మనిషిని ఒక రాత్రంతా చూసుకోవాలి. అతను దేనికీ పనికిరాడు, దేన్నీ తలుచుకోడు, మనకి తిరిగి ఇచ్చేదేమీ లేదు. అయినా పేరు పెట్టి పిలిచి, “ఇప్పుడు మిమ్మల్ని పక్కకి తిప్పుతున్నా”నని చెప్పాకే తిప్పుతాం. ఆ చెప్పిన మాటనే డైరీలో రాస్తాం. అతను వింటున్నాడో లేదో తెలియకుండానే అక్కడ ఒక మనిషి ఉన్నాడని ఒప్పుకుంటున్నాం. పనులు లేకపోయినా పేరు ఉంటుంది, ఆ పేరుకి పుస్తకం ఉంటుంది. జీవగ్రంథంలో ఇంతకంటే ఏముందో నాకు తెలియదు, ఇంతమాత్రం ఉంటుందని నమ్ముతాను.

ఇదంతా ఇంగ్లండులో సాగుతుంది గాని మన దగ్గర కుదురుతుందా అంటారు. మన ఐసీయూల్లో ఒక్కో సిస్టరు ఇద్దరు ముగ్గుర్ని చూసుకుంటుంది. రాయడానికి ఆమెకి తీరిక లేదు. తీరిక ఉన్నది బయట వరండాలో చాపలు పరుచుకుని, పొద్దునా సాయంత్రం పది నిమిషాల కోసం ఎదురుచూసే ఇంటివాళ్లకి. మా పెదనాన్న కొడుకు న్యుమోనియాతో వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు నువ్వే రాయమని వదినకి ఫోన్లో చెప్పాను. ఆమె వంద పేజీల నోట్‌బుక్కు కొంది. ఎడమవైపు డిపాజిట్లు, ఇంజెక్షన్ల బిల్లులు, ఎవరి దగ్గర ఎంత తెచ్చారో ఆ లెక్క. కుడివైపు లోపల తాను చూసింది. “నాలుగు గంటలకోసారి వేలు గుచ్చి షుగరు చూస్తున్నారు. వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. ఇవాళ గొంతుకి రంధ్రం పెట్టాలన్నారు. తమ్ముడు కాగితం చదివి చెప్పాడు, నేను సంతకం పెట్టాను. నువ్వు కళ్లు తెరిచావు గాని నన్ను చూడలేదు.”

అన్నయ్య ఇంటికొచ్చాక నెల రోజులు బావమరిదితో మాట్లాడలేదు. తన వేలిముద్రలు బలవంతంగా వేయించుకుని ఎకరంన్నర రాయించుకున్నారని అతని నమ్మకం. కాగితాలు పట్టుకుని మంచం చుట్టూ నిలబడిన వాళ్ల మొహాలు కూడా చెప్పేవాడు. వదిన ఏడ్చింది, అరిచింది, చివరికి నోట్‌బుక్కు తెచ్చి ముందు పడేసింది. మొదట ఎడమవైపు పేజీలే చదివాడట. అప్పు ఎంతయిందో చూసి గుండె పట్టుకున్నాడు. తర్వాత కుడివైపు. వేళ్లు గుచ్చిన పేజీ దగ్గర ఆగి తన వేళ్లు చూసుకున్నాడు. సంతకం పేజీ రెండుసార్లు చదివాడు. తర్వాత పట్టాదారు పాస్‌బుక్కు తెమ్మన్నాడు. అందులో తన పేరే ఉంది. మర్నాడు బావమరిదికి ఫోన్ చేశాడు.

వదిన రాసిందేదీ అతనికి ఇప్పటికీ గుర్తు రాలేదు. రాదు కూడా. వేలిముద్రల దృశ్యం మాత్రం చెక్కుచెదరలేదు, అడిగితే రంగులతో సహా చెబుతాడు. అయినా ఆస్పత్రి రోజుల మాట వస్తే అతను చెప్పేది నోట్‌బుక్కులోని కథే. గుర్తున్నదాన్ని పక్కనబెట్టి, గుర్తులేనిదాన్ని తనదని ఒప్పుకున్నాడు. ఇంతకంటే కష్టమైన విశ్వాసం నేను చర్చిలో చూడలేదు. ఆ విశ్వాసం నిలిచింది రాత బాగున్నందుకు కాదు, రాసిన మనిషి ఆ వరండాలో కూర్చున్నందుకు. పాస్‌బుక్కు చూశాకే గదా నన్ను నమ్మావని వదిన ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ. తోమా కూడా గాయాలు చూశాకే ఒప్పుకున్నాడు, అతన్నేమీ శిష్యుల్లోంచి తీసేయలేదు.